మా బావ నోరు

మా వీధిలో బావతో మాట్లాడని ఇళ్లు చాలా ఉన్నాయి. పోట్లాడని ఇల్లు ఒక్కటీ లేదు.

బావ అంటే మా అక్క మొగుడు. వెల్డింగ్ షాపు ఆయనది. గేట్లు, కిటికీ గ్రిల్స్, మెట్ల రెయిలింగులు, షట్టర్ల రిపేర్లు. వీధిలో సగం ఇళ్ల గేట్లు ఆయన చేతి పనే. గేటు బిగించే రోజునే ఆ ఇంటివాళ్లతో చెడుతుంది. ఒకరితో గేటు ఎటు తెరుచుకోవాలన్న దాని మీద, ఇంకొకరితో గోడ వంకరగా ఉందన్న దాని మీద. "మీ గోడ వంకర, దానికి నా గేటు ఏం చేస్తుంది? మీరు గోడ కట్టించేటప్పుడే ఆలోచించుకోవాల్సింది" అంటాడు. పని మాత్రం గట్టిది. అందుకే తిట్టుకుంటూనే ఆయన దగ్గరికే వస్తారు. చాటున మాత్రం "చిటపట" అని పిలుస్తారు. వెల్డింగ్ రాడ్డు ఇనుముకి తగిలినప్పుడు వచ్చే చప్పుడూ అదే, ఈయన నోరు తెరిచినప్పుడు వచ్చే చప్పుడూ అదే.

నేను డిగ్రీ మధ్యలో మానేసి వచ్చి ఆయన దగ్గరే పని చేస్తున్నాను. అక్క ఇంట్లోనే తిండి, షాపు పక్క గదిలోనే పడక. కాబట్టి ఆ నోటి కింద నా అంత తడిసినవాడు ఇంకొకడు లేడు. కస్టమర్ల ముందే అంటాడు, "కొలత మా కాలేజీవాడు తీశాడండీ, ఇక మీ గేటు గాల్లో వేలాడుతుంది" అని. నేనూ ఊరుకునే రకం కాదు. "గాల్లో వేలాడితే నయం, నీ చేతిలో పడితే ఇంటివాళ్లతో కొట్లాడుతుంది" అంటాను. ఇలాగే మా రోజు గడుస్తుంది.

ఆయన నోరు పుట్టుకతో వచ్చింది కాదు. వాళ్లమ్మ, మేమంతా అత్తయ్య అని పిలిచే ఆవిడ, ఒకసారి చెప్పింది. మీసాలు రాకముందే ఒక మేస్త్రీ దగ్గర పనికి చేరాడట. ఈయన పనిలో తప్పు చేస్తే ఆ మేస్త్రీ మాట అనేవాడు కాదు, వేడి తగ్గని ఇనప ముక్క తీసి అరచేతిలో పెట్టేవాడు. ఈయన నోరు మూసుకుని నిలబడేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి మేస్త్రీని నిలబెట్టి, అతని తాతముత్తాతల దాకా తిట్టాడు. ఆ తర్వాత ఇక చెయ్యి కాలలేదు. నోరు లేకపోతే చెయ్యి కాలుతుందన్న పాఠం అక్కడ ఎక్కింది. ఇప్పుడు చుట్టూ ఎవరూ కాల్చేవాళ్లు లేరు, అయినా నోరు ఆగదు. ఇది విని నాకు జాలి కలిగిన మాట నిజమే. మర్నాడు పొద్దున్నే ఆయన నన్ను తిట్టగానే ఆ జాలి పోయింది.

పగలంతా కొలతలు, బేరాలు, ఇళ్ల దగ్గర బిగింపులు. ఇనుము కోయడం, గ్రైండర్‌తో రుద్దడం రాత్రికి పెట్టుకుంటాడు. మొదట్లో వీధివాళ్లు వచ్చి అడిగారు. "నా షాపు, నా మెషీను. మీ చెవులు మీవి, మూసుకోండి" అన్నాడు. కొన్నాళ్లు గొడవలు జరిగాయి. తర్వాత వాళ్లే అలసిపోయి కిటికీలు బిగించుకుని నిద్రపోవడం అలవాటు చేసుకున్నారు. మా షాపులో ఏనుగు ఘీంకరించినా ఎవరూ లేవరు.

ఎదురుగా టైర్ల షాపు. దాని పైన ఆ షాపాయన కాపురం. బావ ఆయనకి పెట్టిన పేరు "గాలి". ఒకసారి మా రవ్వలు ఎగిరి ఆయన బయట పేర్చిన టైరు ఒకటి అంటుకుంది. రోడ్డు మీద టైర్లెందుకు పెట్టావని ఈయన, రోడ్డు మీద వెల్డింగేంటని ఆయన. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. వాళ్ల గొడవ మొదలైతే వీధిలో టీవీలు ఆగిపోతాయి. పిల్లలు పుస్తకాలు వదిలి బాల్కనీల్లోకి వస్తారు. ఒక పెద్దాయన కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చుంటాడు.

ఆ మధ్య మా చుట్టుపక్కల ఇళ్లలో దొంగలు పడడం మొదలైంది. వెనక సందుల్లోంచి వస్తున్నారని చెప్పుకున్నారు. ఒక సాయంత్రం టీ కొట్టు దగ్గర పదిమందీ దీని గురించే మాట్లాడుకుంటున్నారు. బావ అందరికీ సలహాలు ఇస్తున్నాడు. ఈ కిటికీకి గ్రిల్ పెట్టించండి, ఆ తలుపుకి ఇనప రేకు కొట్టించండి అని. టైర్లాయన గ్లాసు కింద పెట్టి నెమ్మదిగా అన్నాడు.

"నీకు మాత్రం భయం లేదులేవయ్యా. దొంగ నీ ఇంట్లోకొచ్చి కాసేపు నీ మాటలు విన్నాడనుకో, మీ ఆవిడ మీద జాలిపడి ఎదురు తనే ఏమైనా ఇచ్చిపోతాడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బావ ఒక్క మాట కూడా తిరిగి అనకుండా ఇంటికొచ్చేశాడు. అలా ఎప్పుడూ జరగలేదు.

మా ఇల్లు ఎలా ఉంటుందో చెప్పాలి. వీధి వైపు ఒక పక్క షాపు, దానికి షట్టరు. రెండో పక్క ఒక గది, అక్కా బావా, వాళ్ల పాపా, అత్తయ్యా, నేనూ అందరం పడుకునేది అందులోనే. ఆ గదికి వీధిలోకి ఒక కిటికీ, గ్రిల్‌తో. షాపుకీ గదికీ మధ్య ఇనప తలుపు, గడియ గది వైపు ఉంటుంది; వీధిలోకి పోవాలంటే షాపులోంచే పోవాలి. లోపల వంటగది, బాత్‌రూము, ఆ చివర సందులోకి వెనక తలుపు. బావ వచ్చీ రాగానే షాపులోంచి వెల్డింగ్ హోల్డరు లాక్కొచ్చి, ఆ వెనక తలుపు మీద అడ్డంగా పట్టీలు పెట్టి చట్రానికి వెల్డింగ్ చేసేయడం మొదలుపెట్టాడు.

"బావా, తలుపనేది రావడానికీ పోవడానికీ" అన్నాను.

"తలుపుల గురించి నువ్వే చెప్పాలి. కాలేజీ తలుపు తీసుకుని బయటికొచ్చిన మొనగాడివి."

"కనీసం షీల్డు పెట్టుకో. షాపులో ఉంది, తెస్తానుండు."

"నువ్వు తెచ్చేలోపు పని అయిపోతుంది."

కోపంలో ఉన్నాడు. నల్లద్దం లేకుండా, కళ్లు సగం మూసుకుని, ముఖం పక్కకి తిప్పుకుని అన్ని అతుకులూ వేసేశాడు. అక్క వచ్చి చూసి, "చెత్త ఎటు పారెయ్యాలి?" అని మాత్రం అడిగింది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. వెల్డింగ్ వెలుగు ఉత్త కళ్లతో చూస్తే అప్పటికప్పుడు ఏమీ అనిపించదు. కొన్ని గంటల తర్వాత కళ్లలో ఇసుక పోసి రుద్దినట్టు ఉంటుంది, రెప్ప తెరవలేరు. పడుకునే వేళకి బావ కళ్లు ఉబ్బిపోయాయి. అక్క బంగాళాదుంప తురిమి, గుడ్డలో పెట్టి కళ్ల మీద కట్టింది. మా వృత్తిలో అందరూ చేసే వైద్యమే. ఆయన వెల్లకిలా పడుకుని టైర్లాయన్ని, ఆ టీ కొట్టుని, బంగాళాదుంపని వరసగా తిడుతూ ఎప్పుడో నిద్రపోయాడు.

నన్ను లేపింది ఆయనే. చేత్తో తడుముకుంటూ వచ్చి నా నోరు మూశాడు.

"షట్టరు కింద గడ్డపార పెట్టారు. విను."

విన్నాను. రేకు మూలుగుతున్నట్టు చప్పుడు. తర్వాత దబ్బుమని ఒక కుదుపు. షాపులోకి మనుషులు దూరారు. అడుగుల చప్పుడు, గుసగుసలు. ఇద్దరో ముగ్గురో ఉంటారు. అక్క అప్పటికే లేచింది. మాట్లాడకుండా అత్తయ్యనీ పాపనీ లేపి, చెయ్యి పట్టుకుని బాత్‌రూములోకి తోసి, "నేను పిలిచేదాకా గడియ తియ్యకండి" అని బయటికొచ్చింది. పాపకి ఇంకా పూర్తిగా నిద్ర వదల్లేదు, అదొక్కటే మంచిదైంది.

అక్క, నేను ఒకేసారి వెనక తలుపు వైపు చూశాం. పట్టీలు నల్లగా, గట్టిగా, అందంగా ఉన్నాయి. అక్క ఆ చూపు అలాగే తిప్పి బావ మీద పెట్టింది. ఆయన కళ్లకి గుడ్డ కట్టి ఉంది కాబట్టి బతికిపోయాడు.

పోలీసులకి ఫోన్ చేశాను. దుప్పట్లో దూరి మాట్లాడాను. బండి ఊరి అవతలి చివర ఉంది, వస్తుంది, మీరు తలుపు తియ్యొద్దు, ఎదురెళ్లొద్దు అన్నారు. ఎంతసేపట్లో అంటే, వస్తుంది అన్నారు మళ్లీ.

మొదట మేమనుకున్నది, కేబుళ్లూ మెషీన్లూ ఎత్తుకుని పోతారని. పోతే పోనీ అని అక్క చేత్తో సైగ చేసింది. కానీ వాళ్లు పోలేదు. మధ్య తలుపు మీద ఎవడో మెల్లగా తట్టాడు.

"లోపల లేచారని తెలుసు. తలుపు తీసి బంగారం ఇచ్చేస్తే మా దారిన మేం పోతాం. కోసుకుని లోపలికొస్తే మాత్రం కథ వేరే ఉంటుంది."

కోసుకోవడమేమిటా అనుకునేలోపే మా గ్రైండరు మోగింది. మా మెషీనే, మా ప్లగ్గే, మా కరెంటే. అర్ధరాత్రి మా షాపులో గ్రైండరు మోగితే వీధిలో ఎవరూ పట్టించుకోరని వాళ్లకి ఎవరో చెప్పి ఉండాలి. తలుపు సందులోంచి రవ్వలు గదిలోకి చిమ్మాయి.

"కింది కీలు కోస్తున్నారు" అన్నాడు బావ. "అది తొందరగా తెగుతుంది. పైది మందం."

"మెచ్చుకోవడం తర్వాత" అంది అక్క.

నేను కిటికీ దగ్గరికి పరిగెత్తి, "దొంగలు! దొంగలు!" అని గొంతు చించుకున్నాను. గ్రైండరు మోతలో నా గొంతు నాకే వినపడలేదు. పక్కింటి మేడ మీద ఒక కిటికీ తెరుచుకుంది. నా ప్రాణం లేచొచ్చింది. "ఆపవయ్యా బాబూ, నీకో దణ్ణం! పొద్దున్నే డ్యూటీకి పోవాలి!" అని ఒక గొంతు అరిచి, కిటికీ ధడాలున మూసుకుంది.

బావ మంచం కిందినుంచి ఇనప రాడ్డు తీశాడు. "గడియ తియ్యి. ముందు నేను వెళ్తా."

అక్క తలుపుకి అడ్డంగా నిలబడింది. "ఎవణ్ణి కొడతావు? కళ్లు కనపడి చస్తేగా. ముందు అందేది మా తమ్ముడే."

నిజంగానే ఆయన చెయ్యి తడుముతూ వచ్చి నా చొక్కా పట్టుకుంది. "అయితే నువ్వెళ్లరా. తిన్న తిండికైనా..."

"వెళ్లను" అన్నాను. "వాళ్ల చేతిలో తిరిగే బ్లేడుంది. నేను పడిపోతే ఆ గడియ తెరిచే ఉంటుంది. తర్వాత అక్క ఉంది, పాపుంది."

ఆయన నా చొక్కా వదిలేశాడు. రాడ్డు మాత్రం వదల్లేదు.

"బంగారం ఇచ్చేద్దాం" అన్నాను.

"ఇవ్వడానికి నేను సిద్ధమే" అంది అక్క, మెడలోది తీసి గుప్పిట్లో పెట్టుకుంటూ. "ఇదేమైనా పిల్లకంటే ఎక్కువా?"

"ఇస్తావు. ఇవ్వాలంటే గడియ తియ్యాలి" అన్నాడు బావ. ఈసారి గొంతులో వెటకారం లేదు. "తీశాక వాడు మాట మీద నిలబడతాడని నమ్మకమేంటి? దొంగ మాట అది. లోపల ఇద్దరాడవాళ్లు, ఒక పసిపిల్ల. వీడొక బక్కోడు, నేనొక గుడ్డోణ్ణి. వద్దు. తియ్యొద్దు."

ఆయన అంత తిన్నగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. అప్పుడే నాకు అసలు భయం వేసింది.

ఇంతలో టప్పున చప్పుడై గ్రైండరు ఆగింది. అవతల ఎవడో బూతు తిట్టాడు.

"బ్లేడు విరగ్గొట్టాడు వెధవ" అన్నాడు బావ, బాధగా. "మెషీను పక్కకి వంచితే విరక్క ఏం చేస్తుంది? ఇంకోటి బిగించాలంటే స్పానరు వెతుక్కోవాలి."

అక్క గబుక్కున ఆయన భుజం పట్టుకుని కిటికీ వైపు లాక్కెళ్లింది.

"టైర్లాయన్ని తిట్టు."

"ఏంటి?"

"వాళ్లు మళ్లీ మొదలుపెట్టేలోపు తిట్టు. రోజూ తిడతావుగా, ఇప్పుడు తిట్టు."

"ఆ గాలిగాణ్ణి సాయం అడగమంటావా? నేను? చస్తే అడగను."

"సాయం అడగమన్నానా? సాయానికెవడూ రాడు నీకు. తిట్టమంటున్నా. నీ గొడవంటే వీధంతా లేస్తుంది. తిట్టు, తిట్టవేం? పిల్ల లోపల వణికిపోతుంటే ఇప్పుడొచ్చిందా నీకు మర్యాద?"

ఆయన గ్రిల్ రెండు చేతులతో పట్టుకున్నాడు. గుడ్డ కట్టిన ముఖం పైకెత్తి ఊపిరి పీల్చాడు. ఆ తర్వాత వచ్చిన గొంతు ఆ గ్రైండరు కంటే పెద్దది.

"ఒరే గాలీ! లేవరా! పాత టైర్లకి నల్లరంగు పూసి కొత్తవని అమ్మి, అంత హాయిగా ఎలా నిద్రపడుతోందిరా నీకు!"

ఎదురింట్లో దీపం వెలిగింది. దాని పక్కింట్లో వెలిగింది.

"ఎవడ్రా అది? చిటపటా, నువ్వేనా? ఏమన్నావురా?"

"రంగు పూస్తావన్నా! చెవుల్లో కూడా పూసుకున్నావా?"

"మళ్లీ అను!"

"వందసార్లంటా! మగాడివైతే దిగిరా! మెట్లు నువ్వే దిగుతావా, మీ ఆవిడ ఎత్తుకుని దింపాలా?"

వీధి మొత్తం వెలిగిపోయింది. ఇందాక దణ్ణం పెట్టిన డ్యూటీ ఆయన కూడా బాల్కనీలోకి వచ్చేశాడు. ఎవరో పైనుంచి ఆదుర్దాగా అడుగుతున్నారు, "ఏవండీ, ఆ రంగు సంగతి నిజమేనా? పోయిన నెలే రెండు టైర్లు వేయించాను!" ఆ మాట టైర్లాయన చెవిన పడింది. పుండు మీద కారం చల్లినట్టయింది. బనీనుతోనే మెట్లు దిగాడు, టైర్లు ఊడదీసే పొడవాటి ఇనప కడ్డీ చేత్తో పట్టుకుని. వెనక ఆయన ఇద్దరు తమ్ముళ్లు. మా బావని చంపడానికే వస్తున్నారు ముగ్గురూ, అందులో సందేహం లేదు.

వీధి దాటి వచ్చి, వంగిపోయిన షట్టరు ముందు ఆగిపోయాడు. లోపలినుంచి ఒక కొత్త ముఖం తొంగిచూసింది.

"ఎవర్రా నువ్వు?"

ఆ ముఖం గభాలున లోపలికి పోయింది. తర్వాత జరిగింది నేను కిటికీలోంచి ముక్కలు ముక్కలుగా చూశాను. షట్టరు కిందనుంచి ముగ్గురు పాక్కుంటూ వచ్చారు. ఒకడి వీపు మీద కడ్డీ పడింది. ఒకడు షాపు ముందున్న మా ఇనప యాంగులర్ల కుప్ప మీద పడి లేచి కుంటుతూ పరిగెత్తాడు. ఒకడు రాగి కేబులు చుట్ట మాత్రం వదలకుండా పట్టుకుపోయాడు. బాల్కనీలన్నీ ఒక్కసారిగా "దొంగలు, దొంగలు" అని అరిచాయి. నేనిందాకటినుంచీ చెప్తున్న మాటే.

మా తలుపు కింది కీలు తెగి, పై కీలు మీద వంగి, గడియ బిగుసుకుపోయింది. లోపలినుంచి ఎంత లాగినా రాలేదు. టైర్లాయనే కడ్డీ దూర్చి పెకలించాడు. తలుపు ఊడగానే లోపలికి ఒక్క అడుగు వేసి, కళ్లకి గుడ్డ కట్టుకుని రాడ్డు పట్టుకుని నిలబడ్డ బావని చూశాడు. బాత్‌రూము తలుపు తీసుకుని బయటికొస్తున్న అత్తయ్యని, ఆవిడ చంకలో పాపని చూశాడు. అయినా చల్లబడలేదు.

"బయటికి రా. నాకు పాత టైర్లకి రంగు పూసేవాడని పేరు పెట్టావు. ఎక్కడ చూశావో చెప్పు."

"దొంగలు వెళ్లారా?" అన్నాడు బావ.

"అది తర్వాత. ఎక్కడ చూశావు?"

అప్పటికి పోలీసు బండి వచ్చింది. దిగినాయన జనాన్ని చూసి, "గొడవ ఎవరి మధ్య?" అని అడిగాడు. వీధి వీధంతా బావనీ టైర్లాయన్నీ చూపించింది. దొంగల సంగతి ఆయనకి ఎక్కడానికి చాలాసేపు పట్టింది.

రాసుకుని వాళ్లు వెళ్లిపోయారు. జనం మాత్రం వెళ్లలేదు. టైర్లాయన మా షాపు ముందే నిలబడ్డాడు. అక్క ముందుకొచ్చింది.

"అన్నయ్యా, తిట్టమన్నది నేనే. ఆయన తప్పు లేదు. వేరే దారి లేక నేనే అనిపించాను."

"నువ్వు నోర్ముయ్యి" అన్నాడు బావ. తడుముకుంటూ గడప దాటాడు. "ఇది తిట్టమని మాత్రమే అంది. ఏం తిట్టాలో చెప్పలేదు. రంగు మాట నాది. నోటికొచ్చింది అన్నాను. అలాంటిది నేను చూడలేదు. వాడు అమ్మే టైరు కొత్తదే." వీధంతా వినేలాగే చెప్పాడు. కానీ చూపు లేక, చెప్పిందంతా పక్కింటి గోడకి చెప్పాడు.

"నేనిటున్నా" అన్నాడు టైర్లాయన.

"ఎటుంటే ఏం? చెవులు లేవా?"

టైర్లాయన కడ్డీ కిందికి దించాడు. "కళ్లు బాగుపడనీ. అప్పుడు చెప్తా నీ సంగతి." ఒక్కొక్కరే లోపలికి వెళ్లిపోయారు, దీపాలు ఆరిపోయాయి. ఆయన మాత్రం మా షాపులోని స్టూలు బయటికి లాక్కుని, దిగని షట్టరు ముందు కూర్చున్నాడు, కడ్డీ ఒళ్లో పెట్టుకుని. అక్క టీ పెట్టనా అని అడిగింది. "మీ ఇంట్లో పచ్చి నీళ్లు కూడా ముట్టను" అన్నాడు. లేవలేదు.

బావ లోపల మంచం మీద పడుకుని నన్ను పిలిచాడు.

"వెళ్లాడా?"

"లేదు. కూర్చున్నాడు."

"ఓ కన్నేసి ఉంచు. స్పానర్లు ఎత్తుకుపోతాడు" అని గోడవైపు తిరిగాడు. కాసేపటికే గురక మొదలైంది.